తరగతి గదిలో జాతి పక్షపాతం (అమెరికా)
అమెరికా బడుల్లో నల్లజాతి పిల్లలకు శిక్షలు ఎక్కువగా పడుతున్నట్టు ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. పిల్లల నడతే కారణమా, టీచర్ల చూపా అన్నది అసలు వివాదం. 2016లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ గిలియమ్ బృందం ప్రీస్కూలు టీచర్లకు నలుగురు పిల్లల వీడియోలు చూపి, అల్లరి మొదలయ్యే సూచనలు పసిగట్టమంది. నిజానికి వాటిలో అల్లరే లేదు. అయినా కంటి కదలికలు నమోదు చేసే పరికరం ప్రకారం చూపులు నల్లజాతి బాలుడి మీదే ఎక్కువసేపు నిలిచాయి. నల్లజాతి టీచర్లూ ఇందుకు మినహాయింపు కాదు. కాబట్టి దీన్ని కేవలం తెల్లవారి దురుద్దేశంగా తేల్చేయలేం. శిక్షల్లో వివక్షను అరికట్టేందుకు 2014లో ఒబామా ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు టీచర్ల చేతులు కట్టేశాయని విమర్శకులు వాదించారు. ట్రంప్ ప్రభుత్వం 2018 డిసెంబరులో వాటిని ఉపసంహరించింది.