జీపు వెనక దుమ్ము

106 ఎం.ఎం. గన్ను అసలు 106 కాదు, 105. గొట్టం వెడల్పు కొలిస్తే 105 మిల్లీమీటర్లే వస్తుంది. 1950ల్లో అమెరికా వాళ్ళు ఎం40 అనే ఈ రికాయిల్‌లెస్ గన్ను తయారు చేసేటప్పటికే వాళ్ళ దగ్గర 105 పేరుతో ఎం27 అనే పాత గన్ను ఉంది. దాని గుండు దీనికి సరిపోదు. మైదాన్‌లో సిపాయి ఖంగారులో ఒకదాని గుండు ఇంకోదాంట్లో పెట్టకూడదని కొత్తదానికి 106 అని పేరు పెట్టేశారు. యానీ, అబద్ధపు నంబర్, జాన్ కాపాడటానికి పెట్టింది.

ఇది నేను ఏ ఫౌజీ దగ్గరా నేర్చుకోలేదు. ప్లాస్టిక్ టాంకులు అతికించే షౌఖ్ ఉన్న దోస్త్ ఒకడున్నాడు మెహదీపట్నంలో. వాడి దగ్గర విన్నాను. ఈ షౌఖీన్‌లతో బహస్ పెట్టుకుంటే మనం గెలవం. ఇరవై ఏళ్ళుగా అఖ్బార్‌లో పని చేస్తున్న నన్ను, చక్రాలకి బ్రష్‌తో బురద పూసుకుంటూ తల కూడా ఎత్తకుండా ఖామోష్ చేసేస్తాడు వాడు. ఫోటో చూపిస్తే "పాటన్ కాదు భాయ్, చాఫీ" అంటాడు. అంతే, కిస్సా ఖతం.

వాళ్ళ దునియాలో 1/35 అనే కొలత ఒక ఉసూల్. ఈ 35 ఎక్కడిది? 1960ల మొదట్లో జపాన్‌లో టామియా కంపెనీ జర్మన్ పాంథర్ టాంకు బొమ్మ చేసింది. మోటార్‌తో నడిచే బొమ్మ. మోటారూ, రెండు బ్యాటరీలూ పట్టేంత సైజు పెట్టారు. తర్వాత లెక్క కడితే అసలు టాంకులో ఇంచుమించు 35వ వంతు తేలింది. బ్యాటరీ సైజుని బట్టి పుట్టిన ఆ కొలతనే ఇవాళ అన్ని ముల్కుల కంపెనీలూ పాటిస్తున్నాయి.

ఇదంతా చిల్లర తఫ్సీల్ అనుకునేవాణ్ణి. ఆ అభిప్రాయం మారింది అబ్దుల్ హమీద్ వల్ల.

మా ఉర్దూ మీడియం స్కూల్లో 26 జనవరికి తఖ్రీర్ పోటీ పెడితే ఆయన పేరు రాకుండా ఉండేది కాదు. ఒకడు నాలుగు టాంకులు పేల్చాడనేవాడు, ఇంకొకడు ఏడు, గొంతు పెద్దగా ఉన్నవాడు ఎనిమిది. తర్వాత అఖ్బార్‌లోకి వచ్చాక చూశాను, ప్రతి సెప్టెంబర్‌లో ఆయన మీద చిన్న బాక్స్ ఐటం వేస్తారు. ఎవరైనా మా వఫాదారీ మీద షక్ పడ్డప్పుడల్లా మావాళ్ళూ ఆ పేరే రసీదులా తీసి చూపిస్తారు. వాళ్ళ చేతిలో ఒక నంబర్ ఉంటుంది, ఒక మజహబ్ ఉంటుంది. ఆ మనిషి ఏ పని చేశాడో, ఆ పనిలో ఎంత మాహిర్ అయితే అది చేయగలిగాడో ఎవరూ చెప్పరు. బొమ్మలు చేసేవాళ్ళు మాత్రం అడుగుతారు. జీపు ఎటు తిరిగి ఉంది? గన్ను వెనక ఏముంది? మొదటి గుండు తర్వాత ఎక్కడికి జరిగాడు?

1965 సెప్టెంబర్. పంజాబ్ సరిహద్దులో ఖేమ్‌కరణ్. పాకిస్తాన్ ఫస్ట్ ఆర్మర్డ్ డివిజన్ ఇటు దూసుకొచ్చింది. బియాస్ నది పుల్ దాకా వెళ్ళి అమృత్‌సర్‌ని వెనకనుంచి తెంపేయాలని వాళ్ళ మన్సూబా. అవతలివైపు ఆ డివిజన్ తోపఖానాలో పర్వేజ్ ముషారఫ్ అనే కుర్ర లెఫ్టినెంట్ కూడా ఉన్నాడు. ఇటు మన ఫోర్త్ మౌంటెన్ డివిజన్ అసల్ ఉత్తర్ అనే గావ్ చుట్టూ గుర్రపు నాడా ఆకారంలో మోర్చా కట్టింది. (అసల్ మా అరబీ లఫ్జ్, ఉత్తర్ సంస్కృతం. అసలు జవాబు అని అర్థం. తెలుగువాడికి మాత్రం ఎవరో రాసిన అసలు ఉత్తరంలా వినిపిస్తుంది.) కాలవ గట్టు తెంపి పొలాల్లోకి నీళ్ళు వదిలారు. చెరకు తోటల్లో, బురదలో 45 టన్నుల పాటన్ టాంకులు కూరుకుపోయాయి.

ఆ మోర్చాలో మనవైపు సెంచూరియన్లు బ్రిటిష్‌వి, ఏఎంఎక్స్-13లు ఫ్రెంచ్‌వి. డెక్కన్ హార్స్ రెజిమెంట్ దగ్గర ఉన్నవి రెండో ప్రపంచ జంగ్ నాటి అమెరికన్ షెర్మన్‌లు. ఈ డెక్కన్ హార్స్ వంశం మన హైదరాబాద్‌దే. 1790లో నిజాం కోసం తయారైన గుర్రపు సవార్ల దస్తా దాని మూలం. దక్కన్ గుర్రాల వారసులు అమెరికా టాంకుల్లో కూర్చుని, అంతకన్నా కొత్త అమెరికా టాంకుల్ని పంజాబ్ చెరకు తోటల్లో ఎదుర్కొన్నారు. దాని కమాండింగ్ ఆఫీసర్ ఏ.ఎస్. వైద్యకి మహావీర్ చక్ర వచ్చింది. తర్వాత ఆయన ఫౌజ్‌కి చీఫ్ అయ్యారు.

పాటన్ అని ఒకే పేరు చెప్పేస్తాం గానీ వచ్చినవి రెండు రకాలు, ఎం47, ఎం48. దుకాణంలో సులువుగా దొరికే టామియా కిట్ ఎం48ఏ3. అది డీజిల్ ఇంజన్‌ది, వియత్నాం బాపతు. ఖేమ్‌కరణ్‌కి వచ్చినవి పెట్రోల్‌వి. ఆ డబ్బా కొని చంద్రుడూ తారా అతికించేసి ఖేమ్‌కరణ్ అని పేరు పెడితే మా దోస్త్‌కి అన్నం దిగదు.

ఇక జీపు. అబ్దుల్ హమీద్ ఘాజీపూర్ జిల్లా ధామూపూర్ వాడు, దర్జీ ఇంటి బిడ్డ. ఫోర్త్ గ్రెనేడియర్స్‌లో కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. యానీ, అప్పటికి ఆయన పని స్టోర్ లెక్కలు చూడటం. కానీ అంతకుముందు అయిదేళ్ళు టాంకుల్ని కొట్టే జట్టుని నడిపాడు. పల్టన్‌లో ఈ 106 మీద ఆయనంత నిషానా ఇంకెవరికీ లేదు. జంగ్ వచ్చేసరికి ఆ ప్లాటూన్‌కి కమాండర్ లేడు. కమాండింగ్ ఆఫీసర్ ఆయన్నే పిలిచి అప్పజెప్పాడు. ఈ ముక్క బాక్స్ ఐటంలో రాదు. జోష్‌తో జీపెక్కిన మనిషి కాదు, ఆ పని తెలిసినవాడు కాబట్టి ఎక్కించారు.

ఆ గన్ను జీపు మీద ఎలా నిలుస్తుంది? మామూలు తోపు పేలితే వెనక్కి తంతుంది, ఆ దెబ్బకి జీపు తట్టుకోలేదు. ఇందులో గుండు కవచానికి చిల్లులుంటాయి. బారూద్ మండిన గ్యాస్ కొంత గుండుని ముందుకి తోస్తే, మిగతాది వెనక మూతినుంచి బయటికి కొడుతుంది. రెండు బలాలూ బరాబర్. అందుకే అది 210 కిలోలకు మించదు. గొట్టం మీద అర అంగుళం నాళంతో చిన్న స్పాటింగ్ రైఫిల్ ఉంటుంది. ముందు దాంతో వెలుగు తూటా వేసి, అది టాంకుకి తగిలిందని చూసుకుని, అప్పుడు పెద్దది వదలాలి.

ఈ హిక్మత్‌కి ఖీమత్ ఉంది. వెనకనుంచి కొట్టే ఆ గ్యాస్ మంటా, దుమ్మూ లేపుతుంది. ఆ దుమ్ము చూసి దుష్మన్‌కి జీపు ఎక్కడుందో వెంటనే తెలిసిపోతుంది. జీపుకి కవచం లేదు, ముందు అద్దం కూడా అడ్డం కాదు. కాబట్టి ఒక్క గుండు వేయగానే అక్కణ్ణుంచి జరిగిపోవాలి. పరమవీర్ చక్ర సైటేషన్ ఈ కళ్ళతో చదివితే వేరేలా అర్థమవుతుంది. సెప్టెంబర్ 10 పొద్దున ముందున్న టాంకుని కొట్టాడు. జాగా మార్చాడు. ఇంకోదాన్ని మంటల్లో కలిపాడు. అప్పటికి మిగతా టాంకులు ఆయన్ని పసిగట్టి మెషిన్ గన్నులతో, తోపులతో జీపు మీద గుండ్ల వాన కురిపించాయి. ఆయన మరో టాంకు మీద ఫైర్ చేస్తూ ఉండగా ఒక గుండు వచ్చి తగిలింది. శహీద్ అయ్యేనాటికి 32 ఏళ్ళు.

"జాగా మార్చాడు" అన్న రెండు మాటల్లో ఎంత పని ఉందో నాకు ప్లాస్టిక్ జీపు చూశాకే తెలిసింది. నిషానా పెట్టాలంటే ఆగి ఉండాలి, బతకాలంటే కదలాలి. ప్రతి గుండుకీ వెనక దుమ్ము లేస్తూనే ఉంటుంది. మా దోస్త్ దూదిని బూడిద రంగులో ముంచి ఆ దుమ్ము చేస్తున్నాడు. ఎంత ఎత్తు ఉండాలో తేలక మూడుసార్లు పీకేశాడు.

లెక్కల సంగతికి వస్తే, అసల్ ఉత్తర్‌లో పాకిస్తాన్ 97 టాంకులు పోగొట్టుకుందని మన ఫౌజ్ లెక్క. అందులో 72 పాటన్‌లు, మిగతావి చాఫీలు, షెర్మన్‌లు. స్టీవెన్ జలోగా అనే అమెరికన్ ముఅర్రిఖ్ పాటన్‌ల మీద కితాబ్ రాశాడు. ఆయన కూడా బొమ్మలు చేసే షౌఖీనే. మొత్తం జంగ్‌లో 165 టాంకులు పోయాయని పాకిస్తాన్ ఒప్పుకుందనీ, అందులో సగానికి పైగా ఇక్కడే అనీ ఆయన రాశాడు. హమీద్ వంతు నాలుగా, ఏడా, ఎనిమిదా అన్న బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. నడవనీండి. 1966 జనవరి 26న రాష్ట్రపతి రాధాకృష్ణన్ చేతినుంచి ఆ పతకం తీసుకున్న రసూలన్ బీబీకి ఈ లెక్కతో పనేముంది?

నాకు ఇంకో లెక్క గుచ్చుకుంటుంది. ప్లాస్టిక్ కిట్‌లో సాధారణంగా టాంకు లోపల ఏమీ ఉండదు, ఖాళీ డొల్ల. మూతలు మూసి అతికించేస్తారు. అసలువి ఖాళీగా రాలేదు. తగలబడిన ప్రతిదాంట్లో మనుషులున్నారు. జీపు మీద ఉన్నవాడు చదివిన కల్మానే వాళ్ళూ చదివారు. హమీద్‌కి ఆ సంగతి తెలియక కాదు. తఖ్రీర్‌లో మేము ఏడు, ఎనిమిది అని అరిచిన రోజుల్లో ఈ మాట ఎవరి నోటా రాలేదు, మా ఉస్తాద్‌ల నోటా రాలేదు.

పట్టుబడ్డ టాంకుల్ని భిఖీవిండ్ దగ్గర వరసగా నిలబెడితే ఆ చోటుకి పాటన్ నగర్ అని పేరొచ్చింది. తర్వాత వాటిని ముల్క్ అంతటా పంచారు, కంటోన్మెంట్ గేట్ల ముందు, పార్కుల్లో పెట్టారు. మీకు ఎక్కడైనా ఎదురుపడితే పిల్లల్ని ఎక్కించి ఫోటో తీసే ముందు దాని ముందు భాగం చూడండి. పడవ ముక్కులా గుండ్రంగా ఉండి, డ్రైవర్ మూత నడిమధ్యలో ఉంటే అది ఎం48, నలుగురు కూర్చునేది. డ్రైవర్ ఒక పక్కకి ఉండి, రెండో పక్క మెషిన్ గన్ను కోసం చిన్న కన్నం ఉంటే అది ఎం47. అందులో అయిదుగురు.