సెంటర్ స్పీకరు

సెంటర్ స్పీకరు లేదా మధ్య స్పీకరు అనగా హోమ్ థియేటరులో తెర వద్ద, ఎడమ కుడి స్పీకర్ల నడుమ అమర్చే స్పీకరు. చలనచిత్రంలోని సంభాషణలు అధికభాగం దీని నుండే వినిపిస్తాయి. 5.1 అమరికలోని ఐదు ప్రధాన స్పీకర్లలో ఇది ఒకటి. టెలివిజనును గోడకు బిగించేటప్పుడు తెర ఎత్తును, ఈ స్పీకరు ఎత్తును కలిపి నిర్ణయించవలసి ఉంటుంది.

చరిత్ర

1933 ఏప్రిల్ 27న బెల్ ప్రయోగశాలల వారు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా సంగీతాన్ని ఎడమ, మధ్య, కుడి అనే మూడు మార్గాలలో వాషింగ్టన్ నగరానికి ప్రసారం చేశారు. 1940లో విడుదలైన వాల్ట్ డిస్నీ చిత్రం ఫాంటాసియా కొరకు రూపొందించిన ఫాంటాసౌండ్ పద్ధతిలోనూ ఈ మూడు మార్గాలు ఉండేవి. 1987లో డాల్బీ ప్రోలాజిక్ వచ్చిన తరువాత మధ్య స్పీకరు ఇళ్ళలో వ్యాప్తిలోకి వచ్చింది.

ఆవశ్యకత

రెండే స్పీకర్లు ఉన్నపుడు, సరిగ్గా మధ్యన కూర్చున్నవారికి మాటలు తెర నడుమ నుండి వస్తున్నట్లు తోస్తుంది. పక్కన కూర్చున్నవారికి దగ్గరి స్పీకరు ధ్వని ముందుగా చేరుతుంది కనుక మాటలు ఆ వైపు నుండే వస్తున్నట్లు అనిపిస్తుంది. మధ్య స్పీకరు ఈ లోపాన్ని చాలావరకు తొలగిస్తుంది.

స్థానం

సినిమా హాళ్ళలో తెరకు సన్నని రంధ్రాలు ఉంటాయి కనుక స్పీకరును తెర వెనుకనే ఉంచుతారు. టెలివిజను గుండా ధ్వని ప్రసరించదు కాబట్టి ఇళ్ళలో దానిని తెరకు కింద గాని పైన గాని ఉంచాలి. ధ్వని వచ్చే దిశను మనిషి చెవులు అడ్డంగా గుర్తించినంత కచ్చితంగా నిలువుగా గుర్తించలేవు. అందువలన స్పీకరు తెర మధ్యరేఖపై ఉన్నంతవరకు, కొద్దిగా కిందికి ఉన్నా మాట బొమ్మ నుండి విడిపోయినట్లు అనిపించదు.

ఉదాహరణకు 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెం.మీ., ఎత్తు 68 సెం.మీ. కూర్చున్నవారి కళ్ళు, చెవులు నేల నుండి 105 సెం.మీ. ఎత్తున, తెరకు 230 సెం.మీ. దూరాన ఉన్నాయనుకుంటే, తెర మధ్యభాగం కూడా 105 సెం.మీ. ఎత్తున ఉండాలి. అపుడు తెర కింది అంచు 71 సెం.మీ. వద్దకు వస్తుంది. 50 సెం.మీ. బల్లపై 18 సెం.మీ. ఎత్తు గల స్పీకరు దాని కింద సరిపోతుంది. స్పీకరు ముందుభాగాన్ని సుమారు 11 డిగ్రీలు పైకి వంచితే ధ్వని నేరుగా చెవులకు చేరుతుంది.

సాధారణ దోషాలు

నిలబడి చూసి గోడపై గుర్తు పెట్టడం వలన తెర మరీ ఎత్తుకు పోతుంది. పై ఉదాహరణలో తెర మధ్యభాగాన్ని 150 సెం.మీ. వద్ద బిగిస్తే బొమ్మకు, మాటకు మధ్య ఎడం 11 నుండి 22 డిగ్రీలకు పెరుగుతుంది. మెడ ఎత్తి చూడవలసి రావడం దీనికి అదనం. స్పీకరును అలమరలో లోపలికి నెట్టి ఉంచితే పలక నుండి పరావర్తనం చెందిన ధ్వని కలిసి మాటలు అస్పష్టమవుతాయి. కాబట్టి స్పీకరు ముఖం అలమర అంచు వరకు రావాలి.

గోడకు రంధ్రాలు వేసిన తరువాత తెర ఎత్తు మార్చడం కష్టం. అందుచేత ముందుగా తెర కొలతకు కాగితం కత్తిరించి గోడకు అంటించి, కూర్చుని పరిశీలించడం మంచిది. స్పీకర్ల దూరాలలోని తేడాలను రిసీవరులో సరిచేయవచ్చు. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు కనుక 30 సెం.మీ. తేడాకు దాదాపు 0.9 మిల్లీసెకను ఆలస్యం సరిపోతుంది. తెర ఎత్తులోని లోపాన్ని మాత్రం రిసీవరు సరిచేయలేదు.