బొగ్గుబాయికీ బొంబాయికీ నడుమ: జగిత్యాల, కోరుట్లకు రైలొచ్చిన కథ

ఉత్తర తెలంగాణలో వలస మాట ఎత్తితే మూడు పేర్లు ఒకే ఊపులో వస్తాయి: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల వీటిలో ఏదో ఒకదానికి పోయిన మనిషి లేని వాడకట్టు దొరకడం కష్టం. తీరా ఈ ఊళ్లకు రైలు వచ్చినప్పుడు అది కూడా ఆ దారినే పట్టింది. 177 కిలోమీటర్ల లైనులో తూర్పు కొస పెద్దపల్లి, సింగరేణి బొగ్గు గనుల దాపున. పడమటి కొస నిజామాబాద్, అక్కడి నుంచి మహారాష్ట్రకు దారి. దుబాయికి విమానం ఎట్లాగూ ఉంది. జనం రోజూ పోయే పట్నానికి, అంటే హైదరాబాద్‌కు, మాత్రం ఈ పట్టాల మీద సూటి దారి లేకపోయింది.

ఈ తిరకాసు మొదలు నిజాం కాలంలో ఉంది. హైదరాబాద్ రాజ్యానికి తొలి రైలు 1874లో వాడి జంక్షన్ నుంచి వచ్చింది. 1889కి నిజాం రైలు కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ చేరింది.    బొగ్గు ఎక్కడుంది, పత్తి ఎక్కడుంది, ఏ బ్రిటిష్ లైనుకు ఏది కలపాలి అన్నదాన్ని బట్టే పట్టాలు పడ్డాయి. 1900 ప్రాంతంలో గోదావరి లోయ రైల్వే పేరుతో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ దాకా మీటర్‌గేజ్ వేశారు. అది నిజామాబాద్‌ను తాకుతూ పోయింది. 1920ల చివరికి కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, మద్రాసు నుంచి ఢిల్లీకి దగ్గరి దారి తెరుచుకుంది. అది పెద్దపల్లి మీదుగా పోయింది.

ఈ రెండు లైన్ల నడుమ పాత కరీంనగర్ జిల్లాలో చాలా భాగం పట్టాల్లేకుండా మిగిలిపోయింది. జగిత్యాలకు 18వ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో నక్షత్రం ఆకారంలో కట్టిన ఖిల్లా ఉంది, చుట్టూ కందకం ఉంది. సైన్యానికి అక్కరకొచ్చిన ఊరు రైల్వేకు అక్కరకు రాలేదు. జిల్లా కేంద్రం కరీంనగర్‌కే రైలు లేనప్పుడు జగిత్యాల సంగతి అడిగేదెవరు?

రైలు లేదని జనం ఆగలేదు. నిజామాబాద్ నుంచి ఆర్మూర్, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా మంచిర్యాల వైపు పోయే రోడ్డు, ఇప్పటి 63వ నంబరు జాతీయ రహదారి, ఈ ప్రాంతానికి ప్రాణనాడి అయింది. బొంబాయికి బస్సులు నడిచాయి. గల్ఫ్‌కు పోయేవాళ్లలో చాలామందికి చాలా ఏళ్లు బొంబాయే గడప: ఏజెంటు అక్కడే, వీసా అక్కడే, విమానమూ అక్కడే.

చివరికి 1993లో, పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా, పెద్దపల్లి–నిజామాబాద్ లైనుకు పునాది పడింది. ప్రధాని సొంత జిల్లా ప్రాజెక్టు కదా, పరుగులు తీస్తుందని ఎవరైనా అనుకుంటారు. నత్తనడక నడిచింది. 2000 దశకం తొలి ఏళ్లలో కరీంనగర్‌కు, ఆ దశాబ్దం ముగిసేలోగా జగిత్యాలకు రైలు వచ్చింది. ఆ తర్వాత కోరుట్ల, మెట్‌పల్లి, మోర్తాడ్ వైపు పట్టాలు సాగడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2017 మార్చిలో రైల్వే మంత్రి సురేశ్ ప్రభు నిజామాబాద్–కరీంనగర్ ప్యాసింజర్‌కు జెండా ఊపేసరికి ఇరవై నాలుగేళ్లు గడిచాయి. సగటు తీస్తే ఏడాదికి ఏడున్నర కిలోమీటర్లు కూడా పడలేదు.

ఆలస్యానికి వెల ఏమిటో ముత్యంపేటను చూస్తే తెలుస్తుంది. మెట్‌పల్లి దగ్గరి ఈ చక్కెర ఫ్యాక్టరీ చుట్టూ చెరుకు రైతుల బతుకులు అల్లుకుని ఉండేవి. బోధన్, ముంబోజిపల్లి ఫ్యాక్టరీలతో పాటు దీనికీ 2015 డిసెంబరులో లాకౌట్ పడింది. లైను ఈ కొస నుంచి ఆ కొసకు కలిసే నాటికి, దాని మీద సరుకు పంపగల పెద్ద పరిశ్రమ మూతబడి ఉంది. రైలుంటే ఫ్యాక్టరీ బతికేదని కాదు. దాని కష్టాలు వేరు. కానీ ఒకదాని కోసం ఒకటి ఉండాల్సినవి ఒకదాన్నొకటి చూసుకోలేకపోయాయి.

జగిత్యాల స్టేషన్ ఊళ్లో లేదు. ఊరి బయట లింగంపేటలో ఉంది కాబట్టి రైల్వే రికార్డుల్లో దాని పేరు లింగంపేట జగిత్యాల.  లింగంపేటలో దిగితే ముందు ఆటో చూసుకోవాలి. ఆటో కిరాయి రైలు టికెట్టును మించిందని నవ్వుకునే ప్యాసింజర్లూ ఉంటారు. కోరుట్లది సింగిల్ లైను మీది చిన్న స్టేషన్. కొండగట్టు అంజన్న భక్తులకు మల్యాల దగ్గరి నూకపల్లి స్టేషన్ దాపు. లైనంతా ఇప్పుడు కరెంటు మీద నడుస్తోంది. కరీంనగర్ స్టేషన్‌కు అమృత్ భారత్ పథకం కింద కొత్త రూపు వచ్చింది. 2025 మే 22న బేగంపేట, వరంగల్ స్టేషన్లతో పాటు దాన్నీ ప్రారంభించారు.

ఈ పట్టాల మీద నడిచే బండ్లలో జనం కథను అన్నిటికన్నా బాగా చెప్పేది ముంబయి లోకమాన్య తిలక్ టెర్మినస్–కరీంనగర్ ఎక్స్‌ప్రెస్. మొదట నిజామాబాద్ దాకానే వచ్చే ఈ బండిని తర్వాత కరీంనగర్‌కు పొడిగించారు. బొంబాయి బస్సుల మీద తరాలు గడిపిన కోరుట్ల, జగిత్యాల వాళ్లకు అట్లా ఇంటి ముందే బొంబాయి రైలు దొరికింది. అదీ వారానికొక్కసారే. సరుకుల వైపు చూస్తే లైను విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 42 వ్యాగన్ల రేకు (పూర్తి గూడ్సు బండి) ఒక్కటి సుమారు 2,600 టన్నులు మోస్తుంది, అంటే వందకు పైగా లారీల బరువు. కరీంనగర్ గ్రానైట్ బండలు కాకినాడ రేవుకు చేరేదీ రైలు మీదే. జగిత్యాల దగ్గరి చల్‌గల్ మామిడి మార్కెట్ నుంచి పండ్లు మాత్రం ఎక్కువగా లారీల్లోనే ఉత్తరాదికి పోతాయి. మామిడికి రేకు నిండే దాకా ఆగే ఓపిక లేదు మరి.

ఇక పట్నం. జగిత్యాల నుంచి హైదరాబాద్‌కు రోడ్డు దాదాపు 200 కిలోమీటర్లు. రైల్లో పోవాలంటే ముందు పడమటికి నిజామాబాద్ పోయి, అక్కడి నుంచి దక్షిణానికి తిరగాలి. మొత్తం 250 కిలోమీటర్ల పైచిలుకు. పెద్దపల్లి, కాజీపేట మీదుగా అయితే ఇంకా ఎక్కువ. ఆర్టీసీ బస్సు అరగంటకొకటి కనబడుతుంటే ఈ చుట్టు తిరిగేదెవరు?

ఆ చుట్టును తెంపగలిగేది సిరిసిల్ల మీదుగా వచ్చే మనోహరాబాద్–కొత్తపల్లి లైను. 151 కిలోమీటర్ల ఈ మార్గానికి 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. భూమి, ఖర్చులో మూడో వంతు, మొదటి ఐదేళ్ల నష్టాలు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. 2022లో గజ్వేల్‌కు ఎరువుల రేకు వచ్చింది. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కు ప్యాసింజర్ బండి మొదలైంది. సిద్దిపేట దాటి సిరిసిల్ల వైపు పనులు సాగుతున్నాయి. మిడ్ మానేరు నీళ్ల మీద కట్టాల్సిన వంతెన అందులో పెద్ద పని.

సిరిసిల్లకు రైలు అవసరం జగిత్యాలకన్నా ఒక మెట్టు ఎక్కువే. వేల సాంచాలు (మరమగ్గాలు) ఆడే ఊరు అది. దారం బయటి నుంచి రావాలి, బట్ట బయటికి పోవాలి, రెండూ లారీల మీదే. పని దొరకని రోజుల్లో ఇక్కడి పద్మశాలీలు భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలస పోయారు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొన్నేళ్లు సాంచాలను ఆడించాయి కానీ, సర్కారు ఆర్డరు ఒక్కదాన్ని నమ్ముకుని ఊరు నడవదు. బయటి మార్కెట్లో నిలవాలంటే రవాణా ఖర్చు తగ్గాలి. పక్కనే వేములవాడ రాజన్న దగ్గరికి వచ్చే భక్తులు కూడా ఆ స్టేషన్ల కోసమే చూస్తున్నారు.

సిరిసిల్ల లైను కరీంనగర్ పక్కన కొత్తపల్లిలో పెద్దపల్లి–నిజామాబాద్ లైనును కలుస్తుంది. అప్పుడు కోరుట్లలో ఎక్కినవాళ్లు జగిత్యాల, కొత్తపల్లి, వేములవాడ, సిరిసిల్ల, సిద్దిపేట మీదుగా సికింద్రాబాద్‌లో దిగవచ్చు. పట్టాలు కలవడంతోనే పని అయిపోదు. ముంబయి బండిలా వారానికొకటి వేస్తే జనం మళ్లీ బస్టాండుకే పోతారు. తెల్లారుజామున లింగంపేటలో బయల్దేరి ఆఫీసుల వేళకు పట్నం చేరే బండి, సాయంత్రం తిరుగు బండి, ఈ రెండూ టైంటేబుల్‌లోకి ఎక్కించడం దక్షిణ మధ్య రైల్వే చేతిలో ఉంది.