ఫర్మానా నుంచి ఓటు దాకా: నల్లగొండ, పాలమూరులో రాజ్యాంగపు తొలి అడుగులు

పాలించే అధికారం ప్రజల నుంచి రావాలి. అలా వచ్చిన అధికారానికీ హద్దులుండాలి. రాజ్యాంగ ప్రజాస్వామ్యానికి ఈ రెండే పునాదులు. 1787లో ఫిలడెల్ఫియాలో రూపొందిన అమెరికా రాజ్యాంగం వీటిని లిఖిత శాసనంగా మలిచింది. ప్రాథమిక హక్కులు, న్యాయసమీక్షల విషయంలో భారత రాజ్యాంగ నిర్మాతలు ఆ అనుభవాన్ని దగ్గరగా పరిశీలించారు. నిజాం పాలన నుంచి అప్పుడే బయటపడిన నల్లగొండ, మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాల్లో ఈ సూత్రాలకు తొలి పదేళ్లలోనే పరీక్ష ఎదురైంది.

ఫర్మానాతో వచ్చిన రాజ్యాంగం

రాజ్యాంగ సభలో హైదరాబాద్ రాజ్యానికి ప్రతినిధులు లేరు. 1949 నవంబర్ 23న నిజాం జారీ చేసిన ఫర్మానాతోనే భారత రాజ్యాంగం ఇక్కడికి వచ్చింది. 1950 జనవరి 26 నుంచి ఆయన రాజ్‌ప్రముఖ్ (రాష్ట్రాధినేత) అయ్యారు. గడీల్లో దొరల మాటే చట్టంగా, వెట్టిచాకిరీయే బతుకుగా గడిపిన పల్లెలకు చట్టం ముందు అందరూ సమానులేనన్న హామీ కాగితం మీద దక్కింది.

ఉరిశిక్షలు, సుప్రీంకోర్టు

హామీ విలువ తొలుత కోర్టులో తేలాల్సి వచ్చింది. దొరల పెత్తనంపై కమ్యూనిస్టుల నాయకత్వంలో సాగిన రైతాంగ సాయుధ పోరాటం నాటి కేసుల్లో ప్రత్యేక ట్రైబ్యునళ్లు 1949లో మరణశిక్షలు వేశాయి. అదే ఏడాది డిసెంబర్‌లో హైదరాబాద్ హైకోర్టు వాటిని ఖరారు చేసింది. శిక్ష పడినవారి తరఫున లండన్ న్యాయవాది డి.ఎన్. ప్రిట్ సుప్రీంకోర్టులో వాదించారు. విచారణలో నిందితులకు వకీలు లేకపోవడం ప్రధాన అభ్యంతరం. నిందితులకు వకీలు హక్కుపై అమెరికా సుప్రీంకోర్టు 1932లో ఇచ్చిన పావెల్ తీర్పు కూడా చర్చకు వచ్చింది. వకీలు లేనంత మాత్రాన ప్రతి విచారణా చెల్లకుండా పోదంటూ 1951 మార్చిలో కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఆ తర్వాత ఉరి మాత్రం అమలు కాలేదు. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి ఉచిత న్యాయ సహాయం అందాలన్న ఆదేశిక సూత్రం 39ఎ అధికరణగా రాజ్యాంగంలో చేరడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

డబ్బాలో పడిన తీర్పు

1951 అక్టోబర్‌లో సాయుధ పోరాటం ఆగింది. కొద్ది నెలల్లోనే తొలి సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసే పని అప్పట్లో లేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు. నచ్చిన డబ్బాలో చీటీ వేస్తే ఓటు పడినట్టే. చదువురాని కూలీకీ దొరకూ చేతిలో ఉన్నది ఒకే విలువ గల చీటీ. నల్లగొండ లోక్‌సభ స్థానం ద్విసభ్య నియోజకవర్గం కావడంతో ఓటరుకు రెండు ఓట్లుండేవి. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడిన రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు వచ్చాయి. ప్రధాని నెహ్రూకు పడిన ఓట్లకన్నా అవి ఎక్కువ. తుపాకీ పట్టిన ఉద్యమ నాయకుణ్ని ప్రజలు పార్లమెంటుకు పంపారు. రాజ్యం ఆ తీర్పును శిరసావహించింది.

పాలమూరులోనూ మార్పు అంతే స్పష్టంగా కనిపించింది. తరతరాలుగా సంస్థానాధీశులు ఏలిన వనపర్తి నుంచి గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి శాసనసభకు ఎన్నికయ్యారు. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు 1952 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు.

ఊరి దాకా అధికారం

అధికారం ఒక్కచోట పోగుపడకూడదన్నది రాజ్యాంగవాదంలో కీలక సూత్రం. అమెరికాలో కేంద్రం, రాష్ట్రాలు అధికారాన్ని పంచుకున్నాయి. భారతదేశంలో బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పంచాయతీరాజ్‌ను సూచించింది. 1959 అక్టోబర్‌లో రాజస్థాన్‌లోని నాగౌర్ తర్వాత షాద్‌నగర్‌లోనే నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అయితే చాలాకాలం స్థానిక సంస్థల మనుగడ రాష్ట్ర ప్రభుత్వాల ఇష్టాయిష్టాల మీదే ఆధారపడింది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ వాటికి రాజ్యాంగ రక్షణ ఇచ్చి, ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి చేసింది. దళితులు, ఆదివాసీలు, మహిళలకు సీట్లు కేటాయించి, ఒకప్పుడు గడీ ముందు చేతులు కట్టుకు నిలబడిన వర్గాలకు సర్పంచి కుర్చీని హక్కుగా చేసింది.