ఎలుకలో పుట్టి రోగి ఖాతాలో చేరిన వైరస్

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి వైరస్ కారణమా అన్న అనుమానం ఊరికే పుట్టలేదు. వంశపారంపర్యంగా ఆ జబ్బు వచ్చే కొన్ని కుటుంబాల్లో ఆర్‌నేస్-ఎల్ జన్యువు దెబ్బతిందని 2002లో బయటపడింది. వైరస్‌లను అడ్డుకోవడమే ఆ జన్యువు పని. కాపలా తప్పిన ఇంట్లో ఎవరో దూరే ఉంటారుగా!

2006లో క్లీవ్‌లాండ్‌లో రాబర్ట్ సిల్వర్‌మన్, శాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ డెరిసి బృందాలు 86 మంది కణితులను గాలించాయి. జన్యువు ప్రతులు రెండూ మారిపోయిన 20 మందిలో 8 మందికి, మిగిలిన 66 మందిలో ఒక్కరికే ఎలుకల వైరస్‌ను పోలిన కొత్త వైరస్ కనిపించింది. ఎక్స్‌ఎంఆర్‌వి అని పేరు పెట్టారు. అంకెలు చూస్తే ఎవరైనా నమ్ముతారు.

2009లో లెక్క తప్పింది. ఇలా సింగ్ బృందం 233 కణితుల్లో 23 శాతంలో వైరస్ ప్రోటీన్ చూసింది గానీ, ఆ జన్యువుతో ముడి కుదరలేదు. జర్మనీలో 589 మందిని పరీక్షిస్తే ఒక్కరిలోనూ లేదు.

అసలు ఆచూకీ 2010లో లండన్‌లో దొరికింది. మనుషుల్లో పాకే వైరస్ ఒంటినుంచి ఒంటికి కొద్దికొద్దిగా మారుతుంది. వేర్వేరు రోగుల నుంచి తీశామన్నవి మాత్రం దాదాపు ఒకే అచ్చు. 22ఆర్‌వి1 అనే ప్రయోగశాల కణాల్లోని ప్రతుల మధ్యే తేడాలెక్కువ. అంటే మూలం రోగి కాదు, ఆ కణాలే.

అవెక్కడివి? క్లీవ్‌లాండ్‌లోనే, కేస్ వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఒక రోగి కణితిని ఎలుకల్లో నాటి పెంచగా వచ్చినవి. వినయ్ పాఠక్, జాన్ కాఫిన్ బృందాలు 2011లో పాత నమూనాలు తవ్వితీశాయి. తొలి నాట్లలో వైరస్ లేదు, తర్వాతి వాటిలో ఉంది. ఎలుకల డీఎన్ఏలోని రెండు వైరస్‌లు 1993-96 మధ్య కలిసిపోయి ఇది పుట్టింది.  అదీ రోగిలో కాదు, ఎలుకలో.

ఒక్క పిపెట్ మొన, కంటికానని తుంపర చాలు, వైరస్ పక్కనున్న రోగి నమూనా గొట్టంలోకి చేరడానికి. 2012లో సిల్వర్‌మన్ వాళ్లే తమ పాత నమూనాలు తిరిగి పరీక్షించి, కల్తీ తమ ల్యాబు కణాల నుంచేనని ప్రకటించారు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. 2006 పత్రాన్ని పత్రిక ఉపసంహరించింది.

హెచ్‌పీవీ, ఎప్‌స్టైన్-బార్ అనే వేరే వైరస్‌లు కలిసి ప్రోస్టేట్‌కి ముప్పు తెస్తాయా అన్న వెతుకులాట ఇంకా సాగుతోంది. ఏర్పేడు ఐసర్‌లో జీవశాస్త్రం చదివే పిల్లలారా, కణితిలో వైరస్ కనిపిస్తే ముందు మీ బల్లనే అనుమానించండి. యాభై దాటి మూత్రం ఇబ్బంది పెడుతున్న పెద్దలు మాత్రం వైరస్ సంగతి తేలేదాకా ఆగొద్దు. తిరుపతి స్విమ్స్‌లో యూరాలజీ విభాగం ఉంది, వెళ్లి చూపించుకోండి.