70 లీటర్ల లెక్క

రక్తపరీక్ష రిపోర్టులు చూసే అలవాటున్నవాళ్ళకి తెలిసే ఉంటుంది, క్రియాటినిన్ అనే వరస కింద ఇప్పుడు ఇంకో వరస కూడా వేస్తున్నారు, ఈజీఎఫ్ఆర్ అని. 90 పైన ఉంటే మంచిదే, 60 కంటే తగ్గితే జాగ్రత్తపడాలి అంటారు డాక్టర్లు. దాని కొలమానం నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అని. అంటే రెండు మూత్రపిండాలూ కలిసి నిమిషానికి అంత ద్రవాన్ని రక్తంలోంచి వడకడుతున్నాయన్నమాట. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి సుమారు 125 వేసుకుందాం. కాలిక్యులేటర్ తీసి గుణించండి, రోజుకి 180 లీటర్లు తేలుతుంది.

180 లీటర్లు! ఒంట్లో ఉన్న రక్తమే ఐదు లీటర్లు. కణాలు తీసేస్తే మిగిలే ప్లాస్మా మూడు లీటర్లు. బయటికి పోయే మూత్రం చూస్తే లీటరున్నర. అంటే ఉన్న మూడు లీటర్లనీ రోజుకి అరవైసార్లు గొట్టాల్లోకి పారబోసి, అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు మళ్ళీ వెనక్కి లాక్కుంటున్నాం. టీములో ఎవరైనా ఇలాంటి డిజైన్ పట్టుకొస్తే నేనైతే రివ్యూలోనే తిప్పి పంపేస్తాను. 1883లో ఒక జర్మన్ ప్రొఫెసరుగారు సరిగ్గా అదే చేశాడు. ఈ టపా ముఖ్యంగా ఆయన కోసమే. కాకపోతే ముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మన పదో తరగతి జీవశాస్త్రంలో దీన్ని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు: గుచ్ఛగాలనం, వరణాత్మక పునఃశోషణం, నాళికా స్రావం, ఆఖర్న గాఢత చెందిన మూత్రం ఏర్పడటం. బట్టీ పడితే నాలుగు మార్కులు. ఇందులో మొదటి రెండు మాటల్నీ నమ్మినవాళ్ళూ, మూడో మాటని నమ్మినవాళ్ళూ దాదాపు ఎనభై ఏళ్ళు కొట్టుకున్నారని మాత్రం అక్కడ ఉండదు. పాఠ్యపుస్తకంలో చోటు చాలదు, ఒప్పుకుంటాను. కానీ సైన్సు అంటే ఎవరో పైనుంచి చెప్పిన జవాబుల జాబితా అని పిల్లలు అనుకోడానికి ఇలాంటి పాఠాలే కారణమని నా అభిప్రాయం.

అసలు మూత్రం మూత్రపిండంలోనే తయారవుతుందా అన్నది కూడా ఒకప్పుడు తగాదానే. తాగిన నీళ్ళు ఆవిరై, మూత్రాశయంలో చేరి, అక్కడ మళ్ళీ నీళ్ళవుతాయని వాదించినవాళ్ళున్నారు. రెండో శతాబ్దంలో గేలెన్ దీన్ని సూటిగా తేల్చాడు. బతికున్న జంతువులో మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్ళే గొట్టాల్ని దారంతో కట్టేశాడు. గొట్టాలు పైన ఉబ్బాయి, మూత్రాశయం ఖాళీగా ఉంది. దారం విప్పితే నిండింది. ఇంత శుభ్రమైన డీబగ్గింగ్ పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితం జరిగిందంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. అయితే లోపల ఏం జరుగుతోందంటే మాత్రం ఆయన దగ్గరున్న జవాబు ఒకటే, మూత్రపిండానికి ఆకర్షించే శక్తి ఉంది అని. అది జవాబు కాదు, ప్రశ్నకే పెట్టిన ఇంకో పేరు.

తరవాత చాలాకాలం పెద్దగా ఏమీ జరగలేదు. 1662లో పంతొమ్మిదేళ్ళ లోరెంజో బెల్లీని, మూత్రపిండం మాంసపు ముద్ద కాదు, సన్నటి గొట్టాల కట్ట అని చూపించాడు. 1666లో మాల్పీఘీ ధమనిలోకి నల్లటి ద్రవం ఎక్కించి చూస్తే, రక్తనాళాల కొమ్మలకి కాయల్లా వేళ్ళాడుతున్న చిన్న చిన్న ఉండలు కనబడ్డాయి. మన పుస్తకాల్లో రక్తకేశనాళికా గుచ్ఛం అనేది వాటినే. ఇటు ఉండలున్నాయి, అటు గొట్టాలున్నాయి, రెంటికీ సంబంధం ఏవిటో ఆయనకి కనబడలేదు. కలిసే ఉంటాయని ఊహించాడంతే.

ఆ సంబంధం దొరకడానికి 1842 దాకా ఆగాలి. లండన్‌లో విలియం బౌమన్, ఒకదాని తరవాత ఒకటి రెండు రసాయనాలు ధమనిలోకి ఎక్కించాడు, అవి కలిసిన చోట పసుప్పచ్చటి మడ్డి పేరుకునేలా. ఆ పసుపు కొన్నిచోట్ల ఉండ పగిలి, దాని చుట్టూ ఉన్న గుళికలోకీ, అక్కణ్ణుంచి గొట్టంలోకీ జారింది. సూక్ష్మదర్శిని కింద అంతా ఒకే దారి! గొట్టం మొదటి కొసే గుళికగా ఉబ్బి ఆ రక్తనాళాల ఉండని చుట్టుకుని ఉంది. మనం భౌమన్ గుళిక అని రాసేది దాన్నే. అప్పటికి ఆయనకి పాతికేళ్ళు.

అదే ఏడాది జర్మనీలో మార్బుర్గ్‌లో ఇంకో పాతికేళ్ళవాడు, కార్ల్ లుడ్విగ్, ఇదే విషయం మీద సిద్ధాంతవ్యాసం రాశాడు. ఇద్దరూ 1816లోనే పుట్టారు. ఇద్దరూ ఒకే అవయవాన్ని చూశారు. చెప్పింది మాత్రం వేరు వేరు. బౌమన్ ప్రకారం ఉండలు నీళ్ళు వదులుతాయి, యూరియా లాంటి అసలు సరుకుని గొట్టాల గోడల్లో ఉన్న కణాలు రక్తంలోంచి తీసి ఆ నీళ్ళలో కలుపుతాయి. లుడ్విగ్ ప్రకారం అదంతా అక్కర్లేదు. రక్తపోటు ఒత్తిడికి ప్రొటీన్లు తప్ప మిగతావన్నీ ఉండల దగ్గర వడకట్టుకుని బయటికొస్తాయి, గొట్టాల్లో వెళ్తుండగా నీళ్ళు వెనక్కి ఇంకిపోయి మిగిలింది చిక్కబడుతుంది. కణాల తెలివితేటలు అక్కర్లేదు, భౌతికశాస్త్రం చాలు.

ఆ 'చాలు' అన్నమాట దగ్గరే అసలు గొడవ. ప్రాణమున్నవాటిలో మామూలు భౌతిక రసాయన శాస్త్రాలకి అందని ప్రాణశక్తి ఏదో ఉందా లేదా అని అప్పట్లో జర్మనీలో హోరాహోరీగా నడుస్తున్న వాదం. లుడ్విగ్, హెల్మ్‌హోల్ట్జ్ వగైరా కుర్రాళ్ళది లేదన్న పక్షం. మూత్రపిండం ఆ యుద్ధంలో ఒక కోటలాంటిది. అది ఒట్టి జల్లెడ అని తేలితే ఒక పక్షానికి గెలుపు.

ఇప్పుడు మన ప్రొఫెసరు. బ్రెస్లావ్‌లో (ఇప్పటి పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్) రుడోల్ఫ్ హైడెన్‌హైన్. ఈయన్ని ఛాందసుడు అని కొట్టిపారెయ్యడానికి లేదు, గట్టి ప్రయోగశీలి. 1874లో జంతువు వెన్నుపాము కోసి, రక్తపోటు పడిపోయేలా చేసి, అప్పుడు నీలిరంగు ఎక్కించాడు. వడపోత దాదాపు ఆగిపోయిన స్థితి అది. అయినా రంగు గొట్టాల కణాల్లో కనిపించింది, ఉండల్లో కనిపించలేదు. ఇంకోటి: మూత్రపిండం నుంచి బయటికొచ్చే సిరని బిగిస్తే లోపల ఒత్తిడి పెరగాలి, లుడ్విగ్ లెక్కన మూత్రం ఎక్కువవ్వాలి. కానీ ఆగిపోయింది. లుడ్విగ్ పక్షానికి ఇవి చిన్న దెబ్బలు కావు.

1883 నాటికి ఆయన చేసిన లెక్క వీటన్నిటికంటే గొప్పది. మనిషి రోజుకి విసర్జించే యూరియా సుమారు 35 గ్రాములు. రక్తంలో యూరియా నూటికి 0.05 పాళ్ళు. కేవలం వడపోతతోనే ఆ 35 గ్రాములూ బయటికి రావాలంటే ఎంత ద్రవం వడకట్టాలి? 70 లీటర్లు. మూత్రం రెండు లీటర్లు అనుకుంటే, మిగతా 68 లీటర్లూ వెనక్కి ఇంకాలి. రెండూ కలిపి మూడొందల గ్రాములుండే మూత్రపిండాలు రోజుకి 70 లీటర్లు పారబోసి 68 లీటర్లు తిరిగి పీల్చుకుంటాయా? నమ్మశక్యం కాదు, కాబట్టి లుడ్విగ్ సిద్ధాంతం తప్పు, అని తీర్పిచ్చాడు.

లెక్కలో దోషం లేదు చూడండి. పద్ధతి బంగారం. దోషమల్లా ఆఖరి అడుగులో ఉంది. వచ్చిన జవాబు 'మరీ ఎక్కువ' అని ఆయనకి అనిపించింది, అంతే. ఎక్కువ అనడానికి కొలత ఏదీ లేదు, ఒట్టి అనిపించడమే. తమాషా ఏంటంటే ఆ 70 కూడా తక్కువే. యూరియాలో దాదాపు సగం మళ్ళీ రక్తంలోకి వెళ్ళిపోతుందని ఆయనకి తెలీదు. అసలు సంఖ్య ఆయన అసంభవం అన్నదానికి రెండున్నర రెట్లు. అయినా ఆ లెక్క చూసి ఒక తరం శాస్త్రజ్ఞులు వడపోతని పక్కన పెట్టేశారు. లుడ్విగ్ 1895లో, హైడెన్‌హైన్ 1897లో పోయారు, వాదం తేలకుండానే.

1917లో ఆర్థర్ కుష్నీ పుస్తకం రాసి వడపోతకి మళ్ళీ ప్రాణం పోశాడు. కానీ పుస్తకాలతో ఇది తేలదు కదా. ఆ గుళికలోకి సూది గుచ్చి, అందులో ఉన్నది ఏవిటో చూడాలి. గుళిక ఎంత? మిల్లీమీటరులో పదో వంతు.

చూశారు కూడా! ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఏ.ఎన్. రిచర్డ్స్, జోసెఫ్ వేర్న్. 1924లో అచ్చయింది. కప్ప మూత్రపిండం పల్చగా ఉంటుంది, బతికుండగానే సూక్ష్మదర్శిని కింద ఉండలు కనిపిస్తాయి, వాటిలో రక్తం పారడం కనిపిస్తుంది. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి గాజుగొట్టాన్ని గుళికలోకి దింపి, మిల్లీలీటరులో వెయ్యో వంతు కూడా లేని చుక్కని బయటికి తీశారు. అంత చిన్న చుక్కలో రసాయన పరీక్షలు చెయ్యడం కోసం పరీక్షల్నే కొత్తగా కుదించుకోవాల్సొచ్చింది. ఆ చుక్కలో ప్రొటీన్ లేదు. చక్కెర ఉంది, ఉప్పు ఉంది. అదే కప్ప మూత్రాశయంలో ఉన్న మూత్రంలో చక్కెర లేదు. రెండు ప్రశ్నలకి ఒకే చుక్క జవాబు: ప్రొటీన్లు తప్ప అన్నీ వడకట్టుకుని వస్తున్నాయి, దారిలో చక్కెరని ఎవరో వెనక్కి తీసుకుంటున్నారు. 1941లో ఎలకల్లో కూడా ఇదే తేలింది.

మరి హైడెన్‌హైన్ చూసిన నీలిరంగు మాటేవిటి? అదీ నిజమే. అదే 1920లలో బాల్టిమోర్‌లో ఈ.కె. మార్షల్ ఇంకో రంగుతో కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో, వడపోత ఒక్కటే అయితే పోవాల్సినదానికంటే ఎక్కువ రంగు మూత్రంలోకి పోయింది. ఆ పైన ఆయన కొన్ని సముద్రపు చేపల్ని పట్టుకున్నాడు. వీటి మూత్రపిండాల్లో అసలు ఉండలే ఉండవు! ఒట్టి గొట్టాలే. అయినా మూత్రం తయారవుతుంది, ఎక్కించిన రంగు అందులోకి వస్తుంది. గొట్టాల కణాలు తమంతట తాముగా సరుకుని బయటికి నెట్టగలవనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి. పాఠంలో మూడో మాటగా నాళికా స్రావం చేరింది ఇందువల్లే. పెన్సిలిన్ ఒంట్లోంచి గబగబా పోయేది కూడా ముఖ్యంగా ఈ దారినే. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో మందు చాలక, రోగి మూత్రంలోంచి పెన్సిలిన్‌ని మళ్ళీ తీసి అతనికే ఎక్కించారు.

(నాలుగో ముక్క, చిక్కబడటం, వేరే కథ. 1942లో వెర్నర్ కూన్ అనే భౌతిక రసాయనవేత్త హెన్లీ శిక్యం ఆకారం చూసి, ఎదురెదురు ప్రవాహాలతో ఇది సాధ్యమని ఊహించాడు. 1950లలో ప్రయోగాలు ఒప్పుకున్నాయి. ఇంకోసారెప్పుడైనా రాస్తాను.)

ఇంతకీ 180 లీటర్ల డిజైన్ పిచ్చిదేనా? ఆలోచిస్తే కాదనిపిస్తుంది. విషాల్ని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి బయటికి పంపాలంటే ప్రతి విషానికీ ఒక నియమం కావాలి. రేపు తినబోయే కొత్త ఆకులో ఏముందో ఎవరికి తెలుసు? దానికి బదులు చిన్న అణువులన్నిటినీ బయట పడేసి, కావలసినవాటిని మాత్రం పేరు పెట్టి వెనక్కి పిలిస్తే, పేరు లేనిదల్లా దానంతటదే పోతుంది. ఫైర్‌వాల్ పెట్టినవాళ్ళకి ఈ తర్కం కొత్త కాదు. బతికున్న ఆబ్జెక్టుల్ని కొత్తచోటికి కాపీ చేసుకుని పాతచోటంతా ఒకేసారి తుడిచేసే గార్బేజ్ కలెక్టర్ కూడా ఇంతే. చెత్తని వెతకదు, మంచిని ఏరుకుంటుంది. ఖర్చు ఎక్కువే, గుండె పంపే రక్తంలో అయిదో వంతు ఇక్కడికే వస్తోంది మరి.

వడపోత ఉందని తేలాక దాన్ని కొలవాలి. అందుకు పూర్తిగా వడకట్టబడి, వెనక్కి పోకుండా, గొట్టాలు కలపకుండా ఉండే పదార్థం కావాలి. 1930లలో దొరికింది, డేలియా దుంపల్లో ఉండే ఇనులిన్. కానీ దాన్ని నరంలోకి ఎక్కించాలి, ఊరూరా జరిగే పని కాదు. అందుకని మన కండల్లోనే రోజూ పుట్టే క్రియాటినిన్‌తో సరిపెట్టుకున్నాం. 1926లో కోపెన్‌హాగన్‌లో రెబెర్గ్ తనే క్రియాటినిన్ మింగి లెక్కలు కట్టి దారి చూపించాడు. దాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1904లో స్థిరపరిచింది ఓటో ఫోలిన్. అన్నట్టు, హార్వర్డ్‌లో ఈ ఫోలిన్ విభాగంలోనే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేశారు. ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ఇచ్చింది అక్కణ్ణుంచే.

సరిపెట్టుకోవడం అన్నది ఊరికే అనలేదు. వడపోత సగానికి పడిపోతే రక్తంలో క్రియాటినిన్ రెట్టింపవుతుంది. కండ తక్కువున్న ఒక బక్కపల్చటి మనిషికి మామూలుగా 0.6 ఉందనుకోండి. సగం పోయాక 1.2. చాలా ల్యాబుల్లో అది 'నార్మల్' గడిలోనే ఉంటుంది, పక్కన నక్షత్రం గుర్తు కూడా పడదు. పైగా క్రియాటినిన్‌లో కొంత భాగాన్ని గొట్టాలు కూడా బయటికి నెడతాయి, వడపోత తగ్గేకొద్దీ ఆ వాటా పెరిగి అసలు నష్టాన్ని ఇంకాస్త దాచిపెడుతుంది. బౌమన్, లుడ్విగ్‌ల తగాదా ఇంకా మన రిపోర్టులో కూర్చుని ఉందన్నమాట. వయసూ, ఆడా మగా చూసి దిద్దడానికే ఈజీఎఫ్ఆర్ సూత్రాలు. ఇప్పుడు ఎక్కువగా వాడే సూత్రం 2009లో వచ్చింది, 2021లో అందులోంచి జాతి అనే అంశాన్ని తీసేశారు. ఆ సూత్రానికి కూడా ఎదురుగా ఉన్న మనిషి కండ ఎంతో తెలీదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు, క్రియాటినిన్ అన్నది ఇంగ్లీషు రానివాళ్ళ నోట కూడా నలిగే మాట. కొబ్బరి, జీడి తోటల్లో ఎండలో పనిచేసే మనుషులు. షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. అక్కడ దెబ్బ ముందుగా తగిలేది జల్లెడకి కాదు, గొట్టాలకీ వాటి చుట్టూ ఉన్న కణజాలానికీ. అంచేత మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పడదు, స్ట్రిప్ ముంచి చూసే చవక పరీక్షకి అందదు. క్రియాటినిన్ పెరిగినట్టు కనబడేసరికి సగం దాటిపోయి ఉంటుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. నీళ్ళా, ఎండా, పురుగుమందులా, వంశమా, లేక ఇవన్నీ కలిసా అన్నది ఇంకా తేలలేదు.