సున్నా వెనకున్న చేతులు: సికింద్రాబాద్ ఫుట్‌బాల్ చరిత్రలో ఒక పుట

ఆటల చరిత్ర రాసేవాళ్లు గోల్స్ లెక్కపెడతారు. అవతలి జట్టును సున్నా దగ్గర ఆపినవాళ్ల లెక్క ఎవరికీ పట్టదు. పంట పండించినవాడి కంటే అమ్మినవాడి పేరే ఊళ్లో మోగినట్టు. సికింద్రాబాద్ ఫుట్‌బాల్‌ను ఈ సున్నా వైపు నుంచి చదవాలని మా ప్రయత్నం.

1958 డ్యూరాండ్ కప్ ఫైనల్లో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ 2-0తో గూర్ఖా బ్రిగేడ్‌ను ఓడించింది. ఆ కాలంలో ఆ జట్టుకు పేరు తెచ్చిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్. 1935లో హైదరాబాద్ రాజ్యంలో పుట్టి, సికింద్రాబాద్‌లోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో ఆడి, 1953లో సైన్యంలో చేరాడాయన. మొదట గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్. తర్వాతే గోల్స్ ఆపే చోటికి వచ్చాడు. 1956, 1960 ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులో ఉన్నాడు. 1967లో అర్జున అవార్డు అందుకున్నాడు.

ఈ ఆట ఇక్కడ ఎట్లా వేళ్లూనుకుంది? 1806లో ఏర్పడిన కంటోన్మెంట్ దానికి నేల. తెల్ల సిపాయిలు ఆడిన ఆటను చుట్టుపక్కల బస్తీల పిల్లలు పట్టుకున్నారు. అయితే కంటోన్మెంట్ అందర్నీ ఒకే రకంగా రానిచ్చిందా? మద్రాస్ సైన్యంలో ఒకప్పుడు మాల, పరయ కులాల సిపాయిలు చాలామందే ఉండేవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు 'యుద్ధ జాతుల' సిద్ధాంతం తెచ్చి ఆ తలుపు మూశారు. బ్యారక్ గోడ కుల గోడకు అంత దూరమేమీ కాదు.

అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్‌ది ఇంకో కథ. కొత్త బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టే మనిషి చేత ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడాడు. 1962లో జకార్తాలో జపాన్‌ను మనవాళ్లు 2-0తో ఓడించినప్పుడు అందులో ఒక గోల్ ఆయనది. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. పతకం కథలో ఈ పేర్లన్నీ ఉన్నాయి. ఆ బూటు కుట్టిన మనిషి పేరు ఏ పుస్తకంలో ఉంది?

ఆటగాళ్ల కులాల మీద ఊహాగానాలు చేయడం మా పని కాదు. కానీ ఆట కిందున్న శ్రమ కులం కళ్లముందే ఉంది. తోలు ముట్టుకుంటే మైల అన్న సమాజమే తోలు బంతి గోల్లోకి పోతే చప్పట్లు కొట్టింది. తోలు ఊనిన చేతిని, కుట్టిన చేతిని మాత్రం మైదానం బయటే నిలబెట్టింది. బంతి పవిత్రమై, చేతులు అపవిత్రమెట్లా అయినయి?

తంగరాజ్ 2008లో, బలరామ్ 2023 ఫిబ్రవరి 16న పోయారు. అదే తరం ఆటగాళ్లు చుని గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు. పతకాల పంపకం కూడా చరిత్ర రచనే. ఎవర్ని గుర్తుంచుకోవాలో అదే తేలుస్తుంది.

కాబట్టి మిత్రులారా, టీచర్లూ విద్యార్థులూ చేయగల పని ఒకటుంది. బస్తీ క్లబ్బుల పాత ఫొటోలు, జట్ల జాబితాలు, బూట్లు కుట్టిన ముసలివాళ్ల మాటలు సేకరించాలి. అవి చెత్తబుట్టలోకి పోకముందే రాసిపెట్టాలి. స్కోరులో సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు. ఎవరో గట్టిగా నిలబడ్డారని అర్థం. మన చరిత్రలో కనిపించే సున్నాలను కూడా అట్లనే చదవాలి.